విల్లు కర్ర ముచ్చట



ఈ నెల కర్ర ముచ్చట చెప్పుకుందాం. ఎందుకంటే దసరా దగ్గరికొచ్చింది. గణపతి మండపాలు ఇప్పినంక గల్లీ మూలకు పడేసిన వెదురు ముక్కలన్నీ మన పోరగాండ్ల చేతిల పడుతయి. రామలీల చూసొచ్చిన తెల్లారి నుంచి ప్రతి ఖోలీల ఒక రాముడు, ఒక లక్ష్మణుడు తయారైతరు. ప్లాస్టిక్ దారం కట్టి గుంజుతరు. రెండోసారి గుంజంగనే ఆ బద్ద ఫట్మని ఇరుగుతది. ఇరిగిన మొన ఎటు పోతదో ఎవరికి ఎరుక? 1987ల టీవీల రామాయణం మొదలైనప్పుడు మా చాల్‌ల ఒక పిల్లగాని కన్ను అట్లనే పోయింది. చీపురు పుల్ల బాణమైంది. ఆ పిల్లగానికి ఇప్పుడు మనుమలున్నరు, కన్ను మాత్రం రాలేదు.

విల్లు పట్టొద్దని నేను అనను. మన కథలన్నీ విల్లు మీదనే నడుస్తయి. రాముని చేతిల కోదండం, అర్జునుని చేతిల గాండీవం. శ్రీకాళహస్తిల శివునికి కన్ను పెరికిచ్చిన కన్నప్ప వేటగాడు, విల్లు పట్టినోడే. నల్లమలల చెంచులు నరసింహస్వామికి పిల్లనిచ్చిన మామలమని చెప్పుకుంటరు, వాళ్ల చేతిల విల్లు లేకుండ బొమ్మ గియ్యరు. 1922ల అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన మన్యం మనుషులు, 1940ల జోడేఘాట్‌ల కొమరం భీం వెంట నిలబడ్డ గోండులు విల్లంబులు పట్టుకునే తుపాకులకు ఎదురు నిలిచిండ్రు. అసుంటి వస్తువును పిల్లలు చేస్తమంటే వద్దనకుండ, ఎట్ల చేస్తరో చెప్పుడు పెద్దల పని. విల్లు చేసుడు కత్తి పట్టినప్పుడు మొదలుగాదు, కర్ర ఎన్నుకున్నప్పుడే మొదలైతది. సగం పని అడవిలనే అయిపోతది.

కర్ర మీద పడే భారం

విల్లును గుంజినప్పుడు కర్రల రెండు పనులు ఒక్కసారే జరుగుతయి. మనకు అవతలి దిక్కు, అంటే బాణం పోయే దిక్కు ఉన్న పక్క సాగుతది. మన దిక్కు ఉన్న పక్క నలుగుతది. సాగే పక్కల ఒక్క నార తెగినా విల్లు అక్కడికే రెండు ముక్కలు. నలిగే పక్క బలం లేకుంటే విల్లు ఇరగదు గని వంగినకాడ వంగినట్టే ఉంటది. దాన్ని సచ్చిన విల్లు అనుకోవచ్చు.

సాంచా ఖాతల పనిచేసినోళ్లకు ఇది కొత్త ముచ్చట గాదు. మన సాంచె మీద నాడెను ఇటు నుంచి అటు కొట్టే పికింగ్ స్టిక్ యాదికి తెచ్చుకోండ్రి. నిమిషానికి నూటయాభై దెబ్బలకు పైన పడుతయి. కొట్టినప్పుడల్లా ఆ కర్ర ఇంత వంగి మళ్ల లేస్తది. ఎనిమిది గంటల పాళీల ఎన్ని దెబ్బలో మీరే లెక్కేసుకోండ్రి, డెబ్భై వేలు దాటుతది. ఆ కర్రకు అమెరికా నుంచి వచ్చే హికరీ అనే చెట్టుకు మంచి పేరు. కర్ర పోగు వంకరగా ఉన్న స్టిక్ అయితే రెండు రోజులు నిలవకపోయేది. పోగు నిలువుగా, ఒక కొస నుంచి ఇంకో కొస దాక తెగకుండ ఉన్నదైతే నెలలు నడిచేది. విల్లుకు గూడ అదే లెక్క.

పెద్దలు "మొక్కై వంగనిది మానై వంగునా" అని చెప్తరు. మనిషికి ఆ మాట సరే. విల్లుకు మాత్రం దీన్ని తిరగేసి చదవాలె. మొక్క ఎటు వంచితే అటు వంగుతది, గని తిరిగి లేవది. విల్లుకు వంగుడు గొప్పగాదు, తిరిగి లేచుడు గొప్ప. ఆ లేచే బలం ముదిరిన కర్రకే ఉంటది.

ఏ వెదురు, ఎప్పుడు కొట్టాలె

మన దిక్కు అడవులల్ల విల్లుకు ముందు చూసేది వెదురే. ఆదిలాబాద్, ఖమ్మం, నల్లమల, అటు గోదావరి ఏజెన్సీ, ఇటు గడ్చిరోలి దాక రెండు రకాలు బాగ కనబడుతయి. ఒకటి ముళ్ల వెదురు. లావుగ, లోపల డొల్లగ ఉంటది. పందిళ్లకు, నిచ్చెనలకు పనికొస్తది. రెండోది గట్టి వెదురు, సాదనపు వెదురు అంటరు. లోపల డొల్ల తక్కువ, ఒక్కోసారి అసలే ఉండదు. పోలీసోళ్ల వెదురు లాఠీ దీనిదే. విల్లుకు గోడ మందంగ ఉన్న వెదురు కావాలె కాబట్టి ఇది మేలు.

వెదురు చెట్టుగాదు, గడ్డి జాతి. వానకాలంల భూమిలకెళ్లి మొలక లేస్తది, కొన్ని నెలలల్లనే నిండు ఎత్తు అందుకుంటది. ఆ తర్వాత అది లావుగాదు, పొడుగుగాదు. చూసేటోళ్లకు ఇగ తయారైనట్టే కనబడుతది. గని లోపల నార గట్టిపడేటందుకు మూడు, నాలుగేండ్లు కావాలె. మొదటి ఏడు కొట్టిన వెదురు ఎండినంక ముడుచుకపోతది, చీలుతది. మన పిల్లల ముచ్చట గూడ గిట్లనే ఉన్నది. ఎత్తు పెరిగిండు కదా అని ఎనిమిదో తరగతిలనే బడి మాన్పించి పనికి పెట్టేటోళ్లు ఇప్పటికీ మన నడుమ ఉన్నరు. ఎత్తు వేరు, గట్టితనం వేరు.

వెదురు వయసు గుర్తుపట్టుడు ఇట్ల. ఏడాది బొంగు మెరిసే ఆకుపచ్చగ ఉంటది, కణుపుల దగ్గర పొట్టు అంటుకొని ఉంటది, చేత్తోని రుద్దితే తెల్లటి పొడి వస్తది. మూడేండ్లు దాటినదానికి పొట్టు రాలిపోతది, రంగు మాసినట్టయితది, ఒంటి మీద బూడిదరంగు మచ్చలు పడుతయి. కత్తి వెనుక పక్కతోని కొడితే లేతది బొద్దుగ మోగుతది, ముదిరింది ఖణ్మంటది. పొదల లేతవి బయటి దిక్కు, ముదిరినవి నడిమిల ఉంటయి. అందుకే సోమరిపోతు అంచుకున్నవి కొట్టుకొస్తడు, పనోడు లోపలికి దూరి కొడుతడు.

కాలం గూడ చూడాలె. వానకాలంల కొత్త మొలకలు లేస్తయి, అప్పుడు పొదల కాలు పెడితే రేపటి వెదురును తొక్కినట్టే. పైంగ అప్పుడు బొంగుల నీళ్లు ఎక్కువుంటయి. వానలు పోయి చలి ముదిరినంక, కార్తీకం నుంచి మాఘం దాక మంచి కాలం. అమావాస్య ముందట కొడితే పుచ్చు పట్టదని పెద్దలు అంటరు. దాని వెనుక ఉన్న అసలు ముచ్చట వెదురు లోపలి పిండి పదార్థం. పుచ్చుపురుగుకు అదే బువ్వ. పిండి తక్కువున్నప్పుడు కొడితే పురుగు తక్కువ పడుతది.

కొట్టేటప్పుడు భూమికి జానెడు ఎత్తుల, కణుపుకు కొంచెం పైన కొట్టాలె. కణుపు కింద కొడితే మోడు గిన్నె లెక్కయితది, అందుల వాన నీళ్లు నిలుస్తయి, వేరు కుళ్లుతది. ఒక్క పొదలకెళ్లి అన్నీ కొట్టొద్దు, ముదిరినవి గూడ కొన్ని నిలబెట్టాలె. లేత మొలకకు గాలికి ఆనుకునేటందుకు పెద్ద బొంగు కావాలె.

నానబెట్టుడు, ఆరబెట్టుడు

కొట్టుకొచ్చినంక తొందరపడొద్దు. చెరువుల గని, పారే వాగుల గని రెండు మూడు వారాలు ముంచి పెడుతరు, పైన రాయి పెట్టి. లోపలి పిండి నీళ్లల్ల కరిగిపోతది, వాసన గట్టిగనే వస్తది. నీళ్లలకెళ్లి తీసినంక నీడకు, గాలి ఆడేకాడ నిలబెట్టి ఆరబెట్టాలె. ఎండల పెడితే పైతోలు తొందరగ ఎండుతది, లోపల పచ్చిగనే ఉంటది, మధ్యల నెర్రె కొడుతది. నేల మీద పడేస్తే చెద పడుతది. ఊర్లల్ల పొయ్యి మీద అటకల కట్టి పెట్టేది ఇందుకే. పొగ తగిలిన కర్రను పురుగు ముట్టది.

చెట్టు కర్ర అయితే ఇంకా ఓపిక కావాలె. చెట్టు కొట్టంగనే రెండు కొసలకు మైనం గని, పెండ గని, ఇప్పుడైతే రంగు గని పుయ్యాలె. కర్రల నీళ్లు కొసలకెళ్లే తొందరగ పోతయి, అక్కడే నెర్రెలు మొదలైతయి. కర్ర మధ్యల సన్న పుల్లలు పెట్టి పేర్చాలె, గాలి ఆడేటట్టు. అంగుళం మందానికి ఒక ఏడాది అని వడ్లోళ్ల లెక్క.

ఈ చెట్టు కర్రలల్ల మన దిక్కు పేరున్నది తడ. కొన్ని ఊర్లల్ల చరచి అంటరు. మరాఠీల ధామణ్. గొడ్డలి కామ, బండి నొగ, కావడి బద్ద, ఎక్కడ దెబ్బ తిని లేవాలెనో అక్కడ ఈ కర్రే. హికరీకి బదులు మన దేశంల నిలబడే కర్ర ఇదేనని కర్ర తెలిసినోళ్లు చెప్తరు. సంస్కృతంల దీని పేరే ధనుర్వృక్షం, అంటే విల్లు చెట్టు. పైంగ దీని పట్ట తీసి నార పేనుతరు. విల్లూ, నారీ ఒక్క చెట్టే ఇస్తదన్నట్టు.

బద్ద తీసుడు

ఆరిన వెదురును రంపంతోని కొయ్యొద్దు, కత్తి పెట్టి చీల్చాలె. రంపం పోగును తెంపుకుంట పోతది, చీలిక పోగు వెంట పోతది. చీల్చిన బద్దకు రెండు ముఖాలు. బయటి ముఖం నున్నగ మెరుస్తది, నార అంతా అక్కడే గట్టిగ, దగ్గర దగ్గరగ ఉంటది. ఆ తోలును కత్తితోని ముట్టొద్దు. గీకేదంతా లోపలి పక్కనే. విల్లు పట్టినప్పుడు తోలు పక్క బాణం పోయే దిక్కు ఉండాలె, సాగే బరువును మోసేది అదే. మన పిల్లలు తిరగేసి పట్టుకుంటరు, నున్నటి పక్క తమ దిక్కు పెట్టుకుంటరు. ఫట్మనేది అందుకే.

నడుమ పిడికిలి పట్టేకాడ మందంగ, కొసలకు పోను పోను సన్నగ చెక్కాలె. వంకర ఉంటే నిప్పుల సెగ చూపి మెల్లగ సరిచెయ్యొచ్చు, వేడికి వెదురు మాట వింటది. ఆ తర్వాత వదులుగ తాడు కట్టి, గోడకున్న మేకుకు నడుమ తగిలించి, తాడు జానెడే గుంజి దూరం నుంచి చూడాలె. రెండు రెక్కలు ఒక్క తీరుగ వంగుతున్నయా? ఒక రెక్క తక్కువ వంగితే ఆ వంగని రెక్కనే లోపల గీకాలె, వంగేదాన్ని ముట్టొద్దు. కొంచెం గీకుడు, ఇరవై సార్లు గుంజుడు, మళ్ల చూసుడు. ఒక్క దినంల అయ్యే పనిగాదు.

నారికి పట్ట నారను పేనుతరు. మన ముంబైకి దగ్గరున్న డోంగరాల నుంచి రాజస్థాన్ దాక ఉన్న భిల్లులు వెదురు తోలునే సన్నగ చీల్చి నారిగ కడుతరు. విల్లు వెదురే, నారి వెదురే. తక్కువ ఖర్చు, ఎక్కువ తెలివి.

లోకంల ఎక్కడ చూసినా ఇదే సూత్రం. ఇంగ్లండుల యూ అనే చెట్టు కర్రను వాడేటోళ్లు. దాని బయటి తెల్ల కర్ర సాగుతది, లోపలి ఎర్ర కర్ర నలుగుడును ఓర్చుకుంటది, రెండూ ఒక్క బద్దల వచ్చేటట్టు చెక్కుతరు. 1545ల మునిగిన మేరీ రోజ్ అనే వాళ్ల రాజు ఓడను సముద్రంలకెళ్లి పైకి తీసింది 1982ల, మనం సంపుల ఉన్న ఏడాదే. అందుల నూటికి పైన విల్లులు దొరికినయి. నాలుగు వందల ఏండ్లు నీళ్ల కింద ఉన్నా వాటి ఆకారం పోలేదు. జపానోళ్లు మనిషి కన్న ఎత్తున్న విల్లు చేస్తరు, నడుమ కర్ర, రెండు దిక్కుల వెదురు పెట్టి.

మన గల్లీల మోగిన విల్లు

ఇంకో విల్లు ఉన్నది. అది ప్రాణం తియ్యది, మెత్తగ పండుకోబెడుతది. దూది ఏకే పింజారీ విల్లు. భుజానికి ఏసుకొని టంగ్ టంగ్ మనిపించుకుంట గల్లీల వస్తే, పరుపు ఏకించేటోళ్లు గ్యాలరీలకెళ్లి పిలిచేటోళ్లు. మన దిక్కు దూదేకులోళ్లు చేసిన పని అది. ఆ విల్లు కర్ర వంగదు, వంగొద్దు. మేక పేగుతోని చేసిన నరాన్ని బిగుతుగ పట్టి ఉంచుడే దాని పని. కొయ్య ముఠియాతోని నరాన్ని కొడితే అది వణుకుతది, ఆ వణుకుడుకు దూది గింజుకొని పోగులు ఇడిపోతయి. గిర్నీల బ్లో రూంల, కార్డింగుల జరిగే పని మొత్తం ఆ ఒక్క మనిషి, ఒక్క నరం చేసేది. ఫోం పరుపులు వచ్చినంక ఆ చప్పుడు గల్లీల తగ్గిపోయింది. గిర్నీ భోంగా తర్వాత మన బస్తీకి గుర్తుండాల్సిన చప్పుడు అదే.

వెదురు ఎవరిది

కర్ర తెలిసినోడికి కర్ర అందుడు గూడ ముఖ్యమే. 1927ల తెల్లోళ్లు చేసిన అడవి చట్టంల వెదురును చెట్టు కింద రాసిండ్రు. దాంతోని తరతరాలుగ వెదురు కొట్టి బతికిన కోయ, గోండు, చెంచు బిడ్డలు, బుట్టలు అల్లే మేదరోళ్లు తమ వాగు ఒడ్డు వెదురుకే దొంగలైండ్రు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తి అన్నది, అంటే హక్కు గ్రామానిది. అయినా కాయిదం మీది హక్కు చేతికి రాలేదు. మన గడ్చిరోలి జిల్లాల మెండా లేఖా అనే గోండు ఊరు పట్టుబట్టి నిలబడి, 2011 ఏప్రిల్‌ల తన వెదురు తనే అమ్ముకునే హక్కు సంపాదించింది. 2017ల అడవి బయట పెరిగే వెదురును చెట్టు లెక్కలకెళ్లి తీసిండ్రు. గడ్డిని గడ్డి అనిపించుకునేటందుకు తొంభై ఏండ్లు పట్టింది. సంపు చేసి, కోర్టుల చుట్టూ తిరిగిన మనకు ఆ తొంభై ఏండ్ల బాధ ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

మన పిల్లలకు

విజయవాడ బిడ్డ జ్యోతి సురేఖ 2023ల హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలల్ల మూడు బంగారు పతకాలు కొట్టింది. ఆమె చేతిలది కప్పీలున్న విల్లు, దాని ఖరీదు మనలాంటోళ్లకు అందదు. అట్లని మనసు చిన్నబుచ్చుకోవద్దు. జార్ఖండ్ దీపికా కుమారి ఆటో నడిపేటాయన బిడ్డ, చిన్నప్పుడు వెదురు విల్లుతోనే మొదలుపెట్టింది. రాజస్థాన్ లింబా రాం ఒలింపిక్స్‌కు పోకముందు అడవిల వెదురు విల్లే పట్టిండు. ఇప్పటికీ మన దేశం పోటీలల్ల ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంటది, అందుల కర్ర, వెదురు విల్లులే. స్కూల్ పీటీ సార్‌ను అడిగితే ఎక్కడ నేర్పుతరో చెప్తడు.

దసరాకు చేస్తనంటే మాత్రం తాతలు, నాయినలు పక్కన కూసొని చేయించాలె. మండపం కాడ పారేసిన ముక్క వద్దు, అది వానకు నాని, మేకులు దిగి ఉంటది. రే రోడ్డు దిక్కు గని, మీకు దగ్గరున్న వెదురు అడితిల గని మందం గోడది, ఖణ్మనేది, సన్న రంధ్రాలు, పిండి రాలుడు లేనిది చూసి తీసుకోవాలె. తోలు పక్క బయటికి. ఆట అయినంక తాడు ఇప్పి పెట్టాలె, లేకుంటే విల్లు అట్లనే వంగిపోతది. బాణం లేకుండ ఉత్త తాడు గుంజి ఇడవొద్దు, ఆ దెబ్బంతా కర్రకే తగిలి ఇరుగుతది. బాణం మొనకు గుడ్డ ఉండ కట్టాలె. చీపురు పుల్ల, గొడుగు కాడ ముట్టొద్దు. గ్యాలరీల, మెట్ల మీద, గల్లీల కొట్టొద్దు. మైదానంల, వెనుక గోడ ఉన్నకాడ, అందరు ఒక్క దిక్కు నిలబడ్డంకనే కొట్టాలె.

ఇంకో మాట. ఊర్లె విల్లు చేసుడు, బుట్ట అల్లుడు, నాగలి చెక్కుడు చూసిన పెద్దోళ్లు మన ఖోలీలల్ల ఇంకా కొందరున్నరు. మీ ఊర్లె ఏ కర్రను ఏమని పిలుస్తరు, ఏ కాలంల కొడుతరు, దేనికి వాడుతరు, పిల్లలతోని రాయించి పత్రికకు పంపుండ్రి. రాయరాకుంటే పిల్లలకు చెప్పండ్రి, వాళ్లు రాస్తరు. తడ అన్న పేరు నాకు మా తాత చెప్పిండు, ఆయనకు వాళ్ల తాత చెప్పిండు. చాల్ పోయి టవర్ వచ్చినా పేరు పోవద్దు.

దసరా పండుగకు అందరు ఆరాంగ ఉండాలె. జమ్మి ఆకు పంచుకునేటప్పుడు పాండవులు ఆ చెట్టు మీద దాచిన ఆయుధాలల్ల విల్లులు గూడ ఉన్నయని పిల్లలకు చెప్పండ్రి.